బొమ్మ పడాలంటే... గాలి ఒప్పుకోవాలి!

ఉరుకుంద అనగానే ఈరన్నస్వామి గుర్తొస్తాడు. శ్రావణమాసం గుర్తొస్తుంది. సోమ, గురువారాల్లో కిక్కిరిసిపోయే బస్సులు గుర్తొస్తాయి. ఈ వారం మాత్రం గుడి గోపురం మీంచి చూపు కాస్త పక్కకు తిప్పి ఊళ్లో మిద్దెల మీదికి చూద్దాం. అక్కడ ఒకప్పుడు నిటారుగా నిలబడిన ఇనుప గొట్టాలకూ, గుడికీ ఒక పోలిక ఉంది. రెండింటి దగ్గరా జనం తలెత్తి ఎదురుచూసేవారు!

కర్నూలు జిల్లా పడమటి అంచున, కౌతాళం మండలంలో ఉంది ఉరుకుంద. ఆదోనిలో బస్సెక్కితే పత్తి మార్కెట్ సందడి కాసేపట్లోనే వెనకబడిపోతుంది. ఇక అంతా నల్లరేగడే. పత్తి చేలూ, శనగ చేలూ, మధ్యమధ్యలో తుమ్మచెట్లూ... చూపు ఆనేంత దూరమూ ఆకాశమే. ఇటు ఎమ్మిగనూరు నుంచి వచ్చినా, రైలు దిగి కోసిగి మీదుగా వచ్చినా కనిపించేది దాదాపు ఇదే. ఉత్తరాన తుంగభద్ర దాటితే కర్ణాటక. పడమటికి కొంతదూరం వెళ్లినా కర్ణాటకే. అందుకే ఇక్కడ తెలుగువాళ్లు ‘ఈరన్నా’ అని మొక్కితే పక్కనే కన్నడిగులు ‘ఈరణ్ణా’ అని మొక్కుతారు. స్వామికి రెండూ ఒకటే.

టీవీ బొమ్మకూ అంతే. దానికి సరిహద్దు తెలియదు. గాలి ఎటు తోసుకొస్తే అటు వచ్చేది. రానంటే రాదు. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరుగానీ, పాతికేళ్లపాటు పల్లెల్లో టీవీ చూడటమంటే సగం పని మిద్దె మీదే జరిగేది.

‘‘వచ్చినాదా?’’

‘‘ల్యా... ఇంగా చుక్కలే!’’

‘‘ఇప్పుడో?’’

‘‘ఆఁ... ఆఁ... ఆడ్నే ఉంచప్పా, కదిలియ్యాకు!’’

పైన గొట్టం పట్టుకుని ఒకరు, కింద టీవీ ముందు ఒకరు, మధ్యలో వాకిట్లో నిలబడి మాట అందించే పిల్లాడొకడు. ఈ ముగ్గురూ లేని వీధి ఉండేది కాదు. అంతా అయ్యాక కూడా బొమ్మ సరిగ్గా పడకపోతే తిట్లన్నీ టీవీకీ, మెకానిక్‌కీ పడేవి. నిజానికి చాలాసార్లు తప్పు వాళ్లది కానే కాదు. ఆకాశానిది!

నేరుగా ఆకాశం నుంచే...

కర్నూలు జిల్లా పల్లెలకు టీవీ మొదట వచ్చింది పక్క పట్నం నుంచి కాదు, అంతరిక్షం నుంచి. 1975 ఆగస్టు 1న మన దేశంలో ‘సైట్’ అనే ప్రయోగం మొదలైంది. అమెరికాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు నేరుగా కార్యక్రమాలు పంపారు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. నది అవతలున్న రాయచూరు జిల్లా కూడా అందులో ఉంది. బడి దగ్గరో పంచాయతీ దగ్గరో ఒక టీవీ, దానికి కోళ్లగూటికి వాడే వలలాంటి జాలీతో చేసిన మూడు మీటర్ల గొడుగు. సాయంత్రమయ్యేసరికి ఊరు ఊరంతా దాని ముందే. సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ... అన్నీ మన భాషలోనే.

1976 జులై 31తో ఆ ముచ్చట ముగిసింది. ఉపగ్రహం తిరిగి అమెరికా వైపు వెళ్లిపోయింది. ఆ తరవాత 1977లో అటు గుల్బర్గాలోనూ, ఇటు హైదరాబాద్‌లోనూ టీవీ కేంద్రాలు మొదలయ్యాయి. హైదరాబాద్ దూరదర్శన్‌ను ఆ ఏడాది అక్టోబరు 23న అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ప్రారంభించారు. బొమ్మ ఇక పైనుంచి కాకుండా పక్కనుంచి రావాలి. కష్టమంతా అక్కడే మొదలైంది.

భూమి అడ్డొస్తుంది!

టీవీ తరంగాలు దాదాపు చూపులాంటివే. తిన్నగా వెళతాయి. భూమేమో గుండ్రం. వంద మీటర్ల టవర్ మీంచి బయల్దేరిన తరంగం, పది మీటర్ల గొట్టం మీదున్న యాంటెన్నాను మామూలుగా అందుకోగలిగేది సుమారు యాభై కిలోమీటర్ల దాకానే. ఆపైన భూమి ఒంపు అడ్డొస్తుంది. ఉరుకుంద నుంచి హైదరాబాద్ గీత గీసినట్టు కొలిచినా రెండొందల కిలోమీటర్లకు పైనే. అంత దూరం వెళ్లేసరికి భూమి మూడు కిలోమీటర్లకు పైగా కిందికి ఒంగిపోతుంది. టవర్‌ను ఎంత ఎత్తు కట్టినా, గొట్టాన్ని ఎంత పొడుగు వేసినా ఆ లోటు తీరేదా?

1984లో దూరదర్శన్ పట్టణాల్లో చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టడం మొదలుపెట్టింది. కొన్ని నెలలపాటు దేశంలో దాదాపు రోజుకొకటి చొప్పున వెలిశాయి. అయితే అవి వంద వాట్లవి. పట్నం చుట్టూ పదిహేను ఇరవై కిలోమీటర్ల దాకా బాగానే వచ్చేది. అంచున ఉన్న ఊళ్లకు మిగిలేది చుక్కలూ, గరగరా. శుక్రవారం చిత్రలహరి అయినా, 1987-88లో ఆదివారం ఉదయం వచ్చిన రామాయణమైనా అంచున ఉన్నవాళ్లకు రోజుకో తీరు. నిన్న చక్కగా కనిపించిన మొహం ఇవాళ మంచులో ముణిగిపోయేది. యాంటెన్నా అదే, టీవీ అదే. మరి మారిందేంటి?

మారింది గాలి.

ఎండమావికి చుట్టమే

వేసవి మధ్యాహ్నం ఆదోని రోడ్డు మీద ఎండమావిని చూసే ఉంటారు. దూరంగా నీళ్లున్నట్టే ఉంటుంది, దగ్గరికెళితే ఉండవు. కాలిన నేల తనను ఆనుకున్న గాలిని వేడెక్కిస్తుంది, పై గాలి దానికన్నా చల్లగా ఉంటుంది. ఈ రెంటి మధ్యా వెలుగు కిరణం పైకి వంగుతుంది. ఆకాశం ముక్క మనకు నేలమీద నీళ్లలా కనిపిస్తుంది.

చలికాలం రాత్రి దీనికి సరిగ్గా తిరగబడుతుంది. మబ్బులేని ఆకాశం కింద నల్లరేగడి తన వేడిని గబగబా వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడిపోతుంది. కొంత ఎత్తున ఉన్న గాలి మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. పొయ్యి పొగ పైకి పోకుండా ఊరి మీదే దుప్పటిలా పరుచుకునే ఉదయాలు గుర్తున్నాయా? అదిగో, అదే ఈ పొరకు ఆనవాలు. ఇప్పుడు తరంగం పైకి పోకుండా కిందికి వంగుతుంది. ఆ పొర గట్టిగా ఏర్పడితే గొట్టంలో నీళ్లు పారినట్టు తరంగం భూమి ఒంపు వెంటే వందల కిలోమీటర్లు వెళ్లిపోతుంది. మామూలు రోజుల్లో జాడైనా తెలియని దూరపు కేంద్రం ఆ రాత్రి తళతళలాడుతూ ప్రత్యక్షమవుతుంది!

పొద్దుగూకాక బొమ్మ మెల్లగా తేటపడటం, పొద్దెక్కేకొద్దీ మళ్లీ పలచబడటం ఇందుకే. సూర్యుడు నేలను వేడి చేశాక గాలి కిందికీ మీదికీ కలిసిపోతుంది. పొర చెదిరిపోతుంది. దానితోపాటు దూరపు బొమ్మ కూడా.

దీనివల్ల లాభమే కాదు, ఓ తంటా కూడా ఉంది. దేశంలో కేంద్రాలెక్కువ, చానళ్లు తక్కువ. దూరదూరంగా ఉన్న రెండు టవర్లకు ఒకే చానల్ ఇచ్చేవారు. మామూలుగా ఒకదాని మాట ఒకదానికి వినపడదు. గాలి పొర కుదిరిన రాత్రి మాత్రం రెండూ ఒకే యాంటెన్నాలో వచ్చి పడేవి. అప్పుడు తెర మీద అడ్డంగా నల్లటి పట్టీలు పాకేవి. ఒక భాష బొమ్మ మీద ఇంకో భాష బొమ్మ నీడలా కదిలేది. శ్రావణంలో గుడి ముందు రెండు భాషలూ కలిసిపోయినట్టే. కాకపోతే గుడి దగ్గర ముచ్చటగా ఉంటుంది, టీవీలో చిరాగ్గా ఉంటుంది!

శ్రావణమంటే గుర్తొచ్చింది. ఉరుకుందకు లక్షల్లో జనం వచ్చే ఆ నెలలో ఈ వింతలు తక్కువే. నైరుతి గాలులు రాత్రీపగలూ వీస్తూనే ఉంటాయి. గాలి పొరలుగా పేరుకునే తీరికే ఉండదు. మజ్జిగ చిలుకుతుంటే మీగడ కట్టదు కదా!

లండన్ బొమ్మ న్యూయార్క్‌లో

దూరం విషయంలో సముద్రం మరీ ఉదారంగా ఉంటుంది. నీటి మీద ఇలాంటి పొరలు తేలిగ్గా ఏర్పడతాయి. శ్రీలంక టీవీ రూపవాహిని 1982 ఫిబ్రవరిలో మొదలైంది. ఆ దేశంలో అన్నిటికన్నా ఎత్తైన పిదురుతలగల కొండ మీది నుంచి దాని ప్రసారం. ఇంకేం... 1980ల్లో తమిళనాడు తీరంలో ఎన్నో ఇళ్లలో పొడుగాటి గొట్టాలు దక్షిణానికి తిరిగాయి. పాస్‌పోర్టు లేకుండానే పొరుగు దేశం ఇంట్లోకి వచ్చేసింది.

ఇంతకన్నా విచిత్రం ఇంకొకటుంది. వేసవి నెలల్లో ఒక్కోసారి నడి మధ్యాహ్నం ఎక్కడో వెయ్యి, రెండు వేల కిలోమీటర్ల అవతలి కేంద్రం కాసేపు కనిపించి మాయమయ్యేది. దీనికి కారణం మనం పీల్చే గాలి కాదు. భూమికి సుమారు వంద కిలోమీటర్ల ఎత్తున, ఉల్కలు కాలిపోగా మిగిలిన ఇనుము, మెగ్నీషియం అణువులు విద్యుదావేశంతో పలచటి రేకుల్లా పేరుకుంటాయి. తక్కువ పౌనఃపున్యం చానళ్ల తరంగాలు వాటికి తగిలి అద్దానికి కొట్టిన ఎండలా కిందికి తిరిగొస్తాయి. ఆ రేకు ఎప్పుడు ఏర్పడుతుందో, ఎప్పుడు చెదిరిపోతుందో ముందుగా కచ్చితంగా చెప్పడం నేటికీ కష్టమే.

అంతకన్నా పైన, రెండు మూడొందల కిలోమీటర్ల ఎత్తున మరో పొర ఉంది. సూర్యుడు బాగా చురుగ్గా ఉన్న ఏళ్లలో అది కూడా టీవీ తరంగాలను తిప్పికొడుతుంది. 1938 నవంబరులో లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ వేసిన బొమ్మలు అట్లాంటిక్ దాటి అమెరికాలోని న్యూయార్క్ దగ్గర ఆర్‌సీఏ ఇంజినీర్లకు కనిపించాయి. వాళ్లు దాన్ని ఫిల్మ్ మీద తీసి ఉంచారు కూడా.

ఈ పైపొరల లెక్క తేల్చడంలో మన తెలుగు నేలకూ గట్టి చరిత్రే ఉంది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ బి.రామచంద్రరావు అయనోస్ఫియర్ పరిశోధనకు బాట వేశారు. తిరుపతి దగ్గరి గాదంకిలో వాతావరణాన్ని చూసే భారీ రాడార్ ఉంది. అది పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ మీద. పాత టీవీ చానళ్లలో అట్టడుగువి ఉన్న చోటే అన్నమాట. అక్కడి మైదానంలో బారులుతీరిన యాంటెన్నాలు 1,024. అవన్నీ మన మిద్దెల మీద ఉండే చేపముల్లు యాంటెన్నాకు తోబుట్టువులే! ఆ నమూనాను జపాన్‌కు చెందిన యాగి, ఉడా 1926లో లోకానికి చూపించారు. మన ఇళ్లలో గాలి వల్ల చెడిన బొమ్మను సరిచేయడానికి వాడిన వస్తువుతోనే అక్కడ ఆ గాలి గుట్టు విప్పుతున్నారు.

వాన తప్పు కాదు... అప్పట్లో!

‘వానొస్తే టీవీ రాదు’ అనే మాట పాతదే. కానీ పాత టీవీ విషయంలో వాన మీద వేసిన నింద చాలావరకు అన్యాయం. ఆ తరంగాల పొడవు మీటర్లలో ఉండేది. వానచినుకు రెండు మూడు మిల్లీమీటర్లు. ఏనుగుకు చీమ అడ్డమొచ్చినట్టు! అసలు దోషం యాంటెన్నా నుంచి దిగే చదునైన రిబ్బను వైరుది. అది తడిస్తే బలం కారిపోయేది. అతుకుల్లో నీళ్లు దిగేవి. ఈదురుగాలికి గొట్టం ఇటు ఉండాల్సింది అటు తిరిగిపోయేది.

ఇప్పుడు కథ తారుమారైంది. దూరదర్శన్ పాత పద్ధతి టవర్లను ఒక్కొక్కటిగా ఆపుతూ వచ్చి 2022 మార్చి నాటికి దేశ సరిహద్దుల్లాంటి కొన్ని చోట్ల తప్ప అన్నిటినీ మూసేసింది. మిద్దెల మీద గొట్టాలు కొన్ని పాత ఇనుము కొట్టుకు వెళ్లాయి. కొన్ని బట్టలారేసే తీగకు గుంజలయ్యాయి. వాటి స్థానంలో చిన్న డిష్‌లు వచ్చాయి. యాభై ఏళ్ల కింద ‘సైట్’ రోజుల్లోలాగే బొమ్మ మళ్లీ నేరుగా ఆకాశం నుంచే దిగుతోంది.

అయితే ఈ డిష్ అందుకునే తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లే. పెద్ద చినుకులు దాన్ని మింగేస్తాయి, చెదరగొడతాయి. 36 వేల కిలోమీటర్లు క్షేమంగా వచ్చిన బొమ్మ, మన ఇంటి పైనున్న చివరి నాలుగైదు కిలోమీటర్ల వాన దగ్గర ఓడిపోతుంది! పాతకాలంలో బొమ్మ మసకబారినా మాట వినపడేది. డిజిటల్‌కు ఆ మొహమాటం లేదు. ఉంటే అద్దంలా ఉంటుంది. లేదా గళ్లుగళ్లుగా విరిగి, ఉన్నట్టుండి ‘సిగ్నల్ లేదు’ అంటుంది. అప్పుడు మిద్దె ఎక్కి తిప్పినా లాభం లేదు. కేబుల్ ఆపరేటర్లు వాడే పెద్ద డిష్‌ల తరంగం ఇంతకు మూడింతలు పొడవు. అందుకే అదే వానలో పక్కింటి కేబుల్ ఆడుతుంటుంది, మన డిష్ ఆగిపోతుంది.

దీన్ని నవ్వుకుని వదిలేయడానికి లేదు. కుంభవృష్టి కురిసే సమయంలోనే కదా హెచ్చరికలు కావాల్సింది! 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి పక్కనున్న మంత్రాలయాన్ని ముంచెత్తింది, కర్నూలు నగరం నీట మునిగింది. అలాంటి రోజున డిష్ ఆగిపోతుంది, కరెంటు పోతుంది, ఫోన్ చార్జింగ్ అయిపోతుంది. బ్యాటరీలతో నడిచే చిన్న రేడియో ఒకటి ఇంట్లో ఉంటే దాని విలువ అప్పుడు తెలుస్తుంది. దాని తరంగాలకు వాన అడ్డం కాదు.

ఇవి గుర్తుంచుకోండి

* వానలో డిష్ ఆగిపోతే పది, ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి. జోరు తగ్గగానే బొమ్మ దానంతటదే వస్తుంది. చానళ్లు మళ్లీ వెతకమని సెట్‌టాప్ బాక్సును తొందరపెట్టొద్దు.

* చిన్న తుంపరకే ఆగిపోతుంటే తప్పు వానది కాదు. డిష్ కాస్త పక్కకు జరిగి ఉండొచ్చు, వైరు అతుకులో నీళ్లు దిగి ఉండొచ్చు. ఎండ కాశాక చూపించుకోండి.

* మార్చి ముందూ వెనకా, సెప్టెంబరు చివరా అక్టోబరులోనూ కొన్నాళ్లు రోజూ కొద్ది నిమిషాలు బొమ్మ పోతుంటే కంగారొద్దు. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చాడన్నమాట.

* ఉరుముతుంటే మిద్దె ఎక్కనే వద్దు. టీవీ ప్లగ్గు, డిష్ వైరు రెండూ పిడుగుల వాన మొదలవక ముందే తీసేయండి. మైదానంలో మిద్దె మీది ఇనుప గొట్టమే అన్నిటికన్నా ఎత్తు!

ఆకాశం ఇచ్చేదీ... తీసుకునేదీ

ఉరుకుందలాంటి ఊరికి ఆకాశంతో ఉన్న లెక్క టీవీతో మొదలవ్వలేదు, టీవీతో ఆగదు కూడా. ఇది వాన తక్కువ నేల. పంట చేతికొస్తుందా లేదా అన్నది కూడా తలెత్తి చూసి తేల్చుకోవాల్సిందే. వాన ముఖం చాటేసిన ఏడాది కోసిగి, కౌతాళం పల్లెల నుంచి కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని సుగ్గికి బయల్దేరతాయి. పత్తి ఏరడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వెళ్లి నెలల తరబడి అక్కడే ఉంటాయి. ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లు మాత్రం అరుగుల మీద మిగులుతారు. మబ్బు తునకైనా లేని చలికాలపు రాత్రులవి. పాత యాంటెన్నాకు దూరదూరాల బొమ్మలు తేటగా దిగిన కాలమూ అదే. బొమ్మ బాగా పడే కాలానికి చూసేవాళ్లు ఊళ్లో లేకపోవడం... ఈ నేల మీద ఆకాశం ఆడే ఆట అలాంటిది.

అదే జూన్, జులైలలో ఓ సాయంత్రం పడమటి నుంచి మబ్బు కమ్ముకొస్తుంది. నల్లరేగడి తడిసిన వాసన వస్తుంది. సరిగ్గా సీరియల్ మంచి పట్టు మీదున్నప్పుడు తెర గళ్లుగళ్లుగా విరిగి నల్లబడుతుంది. పట్నంలో అయితే ఈపాటికి కస్టమర్ కేర్‌కు ఫోన్లు మోగుతాయి. ఇక్కడ మాత్రం టీవీ కట్టేసి అందరూ వాకిట్లోకి వస్తారు.

విత్తనాలు వేసుకోవడానికి పదును అయ్యిందో లేదో చూసుకోవాలి కదా మరి!